వేసవి సెలవులు – ఆరుబయటి విద్య

ఏప్రిల్ మాసాంతమున బడులు మూతపడినది మొదలు జూన్ రెండవ వారమున మరల తెరచువరకు తెలుగునాట బాలబాలికలకు దాదాపు నెలన్నర కాలము విరామము లభించుచున్నది. అయితే ఈ విరామము సరిగా ఎండలు ముదిరి, వడగాలులు వీచి, మిట్టమధ్యాహ్నమున వీధులు నిర్మానుష్యములగు దినములలోనే వచ్చుటచేత, బిడ్డలను ఇల్లు దాటనిచ్చుటకు తల్లిదండ్రులు జంకుటలో ఆశ్చర్యము లేదు. ఆ జంకు ఫలితముగా పట్టణములలోని పెక్కు గృహములయందు సెలవులు రెండు విధములుగనే గడచుచున్నవి: రుసుము చెల్లించి చేర్చిన శిక్షణ తరగతులలో కొంత, తలుపులు బిగించిన గదిలో సెల్‌ఫోను ముందర కొంత. పల్లెలలో సైతము చెరువుగట్టునను, చింతతోపునను వినవచ్చెడి పిల్లల కేకలు తగ్గిపోవుచున్నవి.

ఈ రెంటికిని భిన్నమైన మూడవ మార్గమొకటి ప్రతి ఇంటి వాకిటను కలదు. చెట్టు, పిట్ట, పురుగు, నీడ, నక్షత్రము – వీనితో బిడ్డలకు నిత్యపరిచయము కలిగించుటయే ఆ మార్గము. ఇందులకై ఊటీకో అరకులోయకో ప్రయాణము కట్టనక్కరలేదు. వెలపెట్టి పరికరములు కొననక్కరలేదు. ఒకే వేపచెట్టును సెలవులు పొడుగునను గమనించిన బిడ్డ, పది విహారస్థలములను పూటకొకటిగ చూచివచ్చిన బిడ్డకంటె ప్రకృతిని మిక్కిలిగ ఎరుగునని నా దృఢవిశ్వాసము. నిన్న చూచినదానినే నేడును చూచినపుడు గదా మార్పు కనబడును; మార్పు కనబడినపుడు గదా ఏల యను ప్రశ్న పుట్టును! ఇక ఎండ మాటకు వచ్చినచో, వేసవి దినము తనంతట తానే కొన్ని భాగములుగా విడివడియున్నది. ఏ భాగమున ఏ పని తగునో తెలిసికొని నడచినచో భయమునకు తావుండదు.

కన్నులకు వెలుగు

ఆరుబయటి ఆటపాటలు దేహమునకు మేలని పెద్దలు ఎల్లకాలము చెప్పుచునే యున్నారు. అయిదేండ్లు మొదలు పదునేడేండ్లవరకు గల బాలురకు దినమునకు సగటున 60 నిమిషముల పాటైనను ఒడలు అలసెడి చలనము ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది. ఇటీవలి పరిశోధనలు ఇంతకు మించిన ప్రయోజనమొకటి వెల్లడించినవి. దూరపు వస్తువులు మసకగా కనబడు హ్రస్వదృష్టి దోషమును కొంతవరకు నివారించు గుణము ఆరుబయటి వెలుగునకు కలదు. చైనా దేశమున గ్వాంగ్‌జౌ నగరమునందు 12 ప్రాథమిక పాఠశాలలలోని మొదటి తరగతి పిల్లలను రెండు వర్గములు చేసి, ఒక వర్గమువారిని బడి జరుగు ప్రతి దినమును అదనముగా 40 నిమిషములు ఆరుబయట ఉంచి, మూడు సంవత్సరములపాటు పరీక్షించిరి. బయట తిరిగిన వారిలో 30.4 శాతమునకును, తక్కినవారిలో 39.5 శాతమునకును హ్రస్వదృష్టి ప్రాప్తించినట్లు 2015లో ప్రకటింపబడినది.

దీనికి కారణమును గూడ శాస్త్రజ్ఞులు ఊహించియున్నారు. ప్రకాశవంతమైన వెలుగు సోకినపుడు కంటి వెనుక పొరయగు రెటీనాలో డోపమీన్ అను పదార్థము అధికముగా విడుదలయగును. అది పెరుగు వయసున కనుగ్రుడ్డు మితిమీరి పొడవగుటను మందగింపజేయునని వారి తలంపు. గృహాంతర్భాగమున వెలుతురు సాధారణముగా కొన్ని వందల లక్సులకు మించదు. ఆరుబయట చెట్టునీడను నిలుచున్నను అది వేలకొలదిగ నుండును. కావున ఈ మేలును పొందుటకు బిడ్డలు మండుటెండలో మాడనక్కరలేదు. ఉదయమున చెట్టునీడ చాలును.

ఉదయము – పిట్టలు, చెట్లు

వేసవిలో తెల్లవారుజామునుండి ఎనిమిదిన్నర గంటలవరకు గల కాలము బిడ్డలకు బంగారుకాలము. పక్షులు మేతకు వెడలునదియు, ఎలుగెత్తి కూయునదియు ఈ వేళనే. కోకిల కూత వినని తెలుగుబిడ్డ యుండడు. కాని ఆ కూయునది మగపక్షి యనియు, అది నిగనిగలాడు నలుపుతో ఎఱ్ఱని కన్నులు కలిగియుండుననియు, ఆడుపక్షి గోధుమవన్నెపై తెల్లని చుక్కలతో చూపరులకు వేరొక జాతిగా తోచుననియు ఎరిగినవారు కొలదిమందియే. ఆడుకోకిల గూడు కట్టదు. కాకిగూటిలో గ్రుడ్డు పెట్టును. కాకిగ్రుడ్డు పొదుగుటకు పదునారు దినములకు పైబడి పట్టగా, కోకిలగ్రుడ్డు రెండు వారములలోపుననే పగులుటచేత, కోకిలపిల్ల ముందుగా పుట్టి, కాకి తెచ్చు మేతకు ముందుగా నోరు తెరచును. కాకులు గూళ్లు కట్టునదియు, కోకిలలు విడువక కూయునదియు ఒకే ఋతువున ఎందులకో ఇప్పుడు బిడ్డకు బోధపడును. వీధిలోని కాకిగూళ్లను దూరమునుండి లెక్కించి, ఏ గూటివద్ద కోకిల తచ్చాడుచున్నదో కనిపెట్టుట పదేండ్ల బాలునకు పక్షము దినముల పని.

పాలపిట్ట తెలంగాణకు రాష్ట్రపక్షి. రామచిలుక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపక్షి. తీగపై ముడుచుకొని కూర్చున్నపుడు వన్నె తక్కువగా గానవచ్చు పాలపిట్ట, రెక్క విప్పినంతనే నీలికాంతులు వెదజల్లును. వేసవిలో ఆకాశమున పల్టీలు కొట్టుచు జతపక్షిని ఆకర్షించును. సెలవులు ముగియుచుండగా తాటిమట్టలకును, తుమ్మకొమ్మలకును గిజిగాళ్లు గూళ్లు అల్ల నారంభించును. అల్లునది మగపక్షి. గూడు సగమైన పిమ్మట ఆడుపక్షి వచ్చి పరీక్షించి మెచ్చినచో మిగిలిన పని సాగును, లేనిచో ఆ గూడు అట్లే విడువబడును. చెట్టున వ్రేలాడు అసంపూర్ణపు గూళ్లకు ఇదియే కారణము.

ఇట్టి చూపు ఎంతదూరము తీసికొనిపోగలదో చెప్పుటకు సలీం అలీ జీవితమే చాలును. బాల్యమున తాను చిన్న తుపాకితో కొట్టిన పిచ్చుక మెడపై పసుపువన్నె మచ్చ యుండుట చూచి, ఇదేమి పిట్ట యని అడుగుటకై ఆయన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోగా, అచటి కార్యదర్శి మిల్లర్డు విసుగుకొనక సంఘమున భద్రపరచిన పక్షులనన్నిటిని తెరచి చూపెను. ఆ పసివాడే పెరిగి భారతదేశపు పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కై, 1931–32లో మన హైదరాబాదు సంస్థానమునందలి పక్షులను ఊరూర తిరిగి పరిశీలించెను. పిల్లవాని ప్రశ్నను ఒక పెద్దమనిషి ఆదరించుటచేత కలిగిన ఫలమిది. మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తి సంకల్పమున వెలసిన ఋషివ్యాలీ పాఠశాలలో పక్షులను గమనించుట విద్యలో భాగమే; చెట్లు పెంచగా పక్షులు వృద్ధినొందిన ఆ లోయ 1991లో పక్షిసంరక్షణ ప్రదేశముగా ప్రకటింపబడినది.

పక్షులకంటె చెట్టు సులభమైన నేస్తము; అది ఎగిరిపోదు. సెలవుల మొదటిదినముననే బిడ్డచేత ఒక చెట్టును ఎన్నుకొనజేసి, వారమునకొకమారు దాని చిగురు, పూత, పిందె, కాయ, రాలిన ఆకులు ఒక నోటుపుస్తకమున వ్రాయింపవలెను. ఉగాదినాడు పచ్చడిలో పడిన వేపపువ్వు జూన్ మాసమునకు పసుపుపచ్చని పండై రాలుటను ఇట్లు చూచిన బిడ్డ మరువదు. వేసవి మధ్యమున రేలచెట్టు ఆకులు రాల్చి పసుపుపూల గుత్తులతో నిండిపోవును. అదే కాలమున వీధులను ఎఱ్ఱబార్చు తురాయి మన దేశపు చెట్టు కాదు, మడగాస్కరు దీవినుండి వచ్చినది. బాలురు సేకరించు ఇట్టి వివరములకు శాస్త్రమున విలువ కలదు. చెట్ల ఋతుచర్యలను దేశమంతట బడిపిల్లలచేతను, పౌరులచేతను నమోదు చేయించు సీజన్‌వాచ్ అను కార్యక్రమము నడచుచున్నది.

తినుచు నేర్చుకొను విద్యయు వేసవికి గలదు. సీమచింత, ఈతపండు, పాలపండు, తునికిపండు, సెలవుల చివర నేరేడు – ఇవి యన్నియు వరుసగా వచ్చి పోవు అతిథులు. వీనిలో తాటిముంజకు అగ్రస్థానము. తాళ్లలో పోతుతాడు, పెంటితాడు అని రెండు విధములు కలవనియు, కాయలు పెంటితాటికే కాయుననియు గీతకార్మికుని అడిగినచో చెట్టుక్రింద నిలువబెట్టి చెప్పును. ముంజలు తిని పారవేసిన రెండు కాయలను పుల్లతో కూర్చి, పంగలకఱ్ఱతో త్రోయు బండి మన పల్లెపిల్లల ప్రాచీనమైన వాహనము. తాటాకు గిరగిరలు చేయుటకు పైసా ఖర్చు లేదు.

మధ్యాహ్నము – నీడ చెప్పు పాఠము

పదునొకండు గంటలు మొదలు నాలుగు గంటలవరకు బిడ్డలు నీడపట్టుననే యుండవలెను. రాలిన ఆకులను పుస్తకముల నడుమ అణచి పేరు వ్రాసి భద్రపరచుట, గింజలను ఎండబెట్టి వేరుచేయుట, వామనగుంటలాడుట ఈ వేళకు తగినవి. అయితే సూర్యుని గూర్చిన ఒక అద్భుతమును చూచుటకు మాత్రము వేసవిలో ఒకనాడు మిట్టమధ్యాహ్నమున కొన్ని నిమిషములు వాకిట నిలువవలెను. అదియే నీడలేని దినము. సూర్యుడు ఉత్తరమునకు జరుగుచు జరుగుచు మన ఊరి అక్షాంశమునకు చేరిన నాడు, మధ్యాహ్నమున సరిగా నడినెత్తిపైకి వచ్చును. నిట్టనిలువుగా పాతిన కఱ్ఱకు ఆ క్షణమున నీడ యుండదు. ఇది తిరుపతిలో ఏప్రిల్ 26 ప్రాంతమునను, అనంతపురమున ఏప్రిల్ 30 ప్రాంతమునను, విజయవాడలో మే 6 ప్రాంతమునను, హైదరాబాదులో మే 9 ప్రాంతమునను, ఆదిలాబాదులో మే 19 ప్రాంతమునను జరుగును. ఊరినిబట్టి జూలై చివరనో ఆగస్టులోనో మరల ఒకమారు వచ్చును. గడియారమున పండ్రెండు కొట్టినపుడే ఇది జరుగునని తలంపరాదు. హైదరాబాదున 12 గంటల 12 నిమిషముల వేళకును, తూర్పున నున్న విశాఖపట్టణమున పండ్రెండుకు కొలది నిమిషములు ముందుగను సూర్యుడు నడిమింటికి చేరును. దేశమంతటికిని ఒకే గడియారము పెట్టుకొన్నను సూర్యుడు ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క వేళ వచ్చునను భూగోళశాస్త్ర సత్యము ఇట్లు బిడ్డ కంటికి కట్టును.

ఈ కఱ్ఱకే మన ప్రాచీన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు శంకువని పేరు పెట్టి దిక్కులను నిర్ణయించిరి. చదునైన నేలపై శంకువును పాతి, అది ఎంత ఎత్తున్నదో అంతే వ్యాసార్ధముతో దానిచుట్టు వృత్తము గీయవలెను. మే మాసమున ఉదయము సుమారు తొమ్మిది గంటలకు నీడకొస వృత్తరేఖను తాకి లోనికి వచ్చును. అపరాహ్ణము మూడు గంటలు దాటిన పిమ్మట మరల తాకి వెలుపలికి పోవును. ఆ రెండు గుర్తులను కలిపిన గీతయే తూర్పు పడమరలను చూపును. రెండు గులకరాళ్లు, ఒక సుద్దముక్క, ఒక కఱ్ఱ – ఇంతకు మించిన పరికరము లేకయే బిడ్డ తన ఇంటి దిక్కులను తానే సాధించిన ఆనందము సామాన్యమైనది కాదు.

సాయంకాలము – ఆటలు, పురుగులు

అయిదు గంటలు దాటి నేల చల్లబడునప్పటికి ఆటలవేళ. ఏడుపెంకులు, చెడుగుడు, ఖోఖో, తొక్కుడుబిళ్ల, ఆంధ్రమున బిళ్లంగోడనియు తెలంగాణమున చిఱ్ఱగోనె యనియు పిలువబడు ఆట, వీనిలో దేనికిని రుసుము లేదు, శిక్షకుడు లేడు. నియమములను పిల్లలే ఏర్పరచుకొందురు. తగవు వచ్చిన వారే తీర్చుకొందురు. పెద్దవారు నేర్పలేని లోకజ్ఞానము ఈ తగవులలో వారికి అలవడును. కోతికొమ్మచ్చి ఆటకు తగిన పొట్టి కొమ్మల మఱ్ఱిచెట్టు ఊరిలో నున్నచో, దానిక్రింద ఇసుక పోయించి, చెట్టెక్కుట నేర్పుట పెద్దల విధి.

ఆటల నడుమ అలసి కూర్చున్న వేళ నేలవైపు చూపు మరలింపవలెను. గోడవార పొడి ఇసుకలో క్రిందికి సన్నగిలిన చిన్న చిన్న గుంటలు కనబడును. ప్రతి గుంట అడుగునను ఒక పురుగు ఇసుకలో దాగి, అంచున కాలుజారిన చీమపై ఇసుక చిమ్మి, లోనికి లాగి భుజించును. వెనుకకే నడచు ఈ పురుగు కొంతకాలమునకు తూనీగను పోలిన రెక్కల పురుగుగా మారును. మామిడిచెట్టున ఎఱ్ఱచీమలు కట్టు ఆకుల గూడు ఇంకను చిత్రమైనది. కొన్ని చీమలు వరుసదీరి రెండు ఆకుల అంచులను దగ్గరకు లాగి పట్టుకొనగా, మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కఱచుకొని, నేతగాని నాడెవలె ఆ అంచునుండి ఈ అంచునకు త్రిప్పుచు, వాని నోటినుండి వెలువడు పట్టుపోగుతో ఆకులను కుట్టును. చేయి పెట్టక రెండడుగుల దూరమున నిలిచి చూచినచో, ఈ సమష్టికృషికి మించిన పాఠము ఏ పుస్తకమునను దొరకదు.

రాత్రి – మేడపై ఆకాశము

ఎండాకాలమున మేడపైన పక్కలు పరచుకొను ఆచారము నక్షత్రవిద్యకు మిక్కిలి అనుకూలము. మే మాసపు రాత్రి తొమ్మిది గంటలవేళ ఉత్తరమున సప్తర్షిమండలము ఎత్తుగా నిలిచియుండును. దాని తోకలోని మూడు చుక్కలలో నడిమిది వసిష్ఠుడు. దానినంటి మినుకుమనునది అరుంధతి. ఆ తోక వంపును అట్లే సాగదీసినచో ఎఱ్ఱని కాంతిగల స్వాతియు, ఇంకను సాగదీసినచో తెల్లని చిత్తయు కంటబడును. దక్షిణమున ఆటంకములు లేనిచో, దిగంతమునకు కొంచెము పైన నాలుగు చుక్కల త్రిశంకువును చూపవచ్చును. ఉత్తరభారతమునందలి పిల్లలకు ఇది సులభముగా దొరకని భాగ్యము. చేయి చాచి పిడికిలి బిగించినచో ఆ పిడికిలి వెడల్పు ఆకాశమున సుమారు పది డిగ్రీలు. ధ్రువనక్షత్రము ఏ ఊరినుండి చూచిన ఆ ఊరి అక్షాంశమంత ఎత్తుననే యుండును గనుక, హైదరాబాదు బిడ్డకు అది రెండు పిడికిళ్లకు కొంచెము తక్కువ ఎత్తున కనబడును. తన ఊరు భూగోళముపై ఎచట నున్నదో పిడికిలితో కొలిచి చెప్పగల బిడ్డకు పటము చూచుట భారము కాదు. రైతులు చెప్పుకొను కృత్తిక, రోహిణి, మృగశిర కార్తెలు నక్షత్రముల పేర్లే యని, సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున సుమారు పదునాలుగు దినములు నిలుచుటయే కార్తె యని తాతగారో అమ్మమ్మగారో చెప్పవలసిన వేళయు ఇదియే.

జాగ్రత్తలు

రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత ఊరక పుట్టలేదు. 2015 మే మాసపు వడగాలులకు ఆంధ్ర తెలంగాణములలో వేయిమందికి పైగా మరణించిరి. పెద్దవారికంటె పిల్లల దేహము త్వరగా వేడెక్కును. వారి బరువునకు చర్మపు వైశాల్యము ఎక్కువ, చెమట తక్కువ. కావున దాహము వేయకముందే మజ్జిగయో, ఉప్పు కలిపిన నిమ్మరసమో, మంచినీళ్లో ఇప్పింపవలెను. తల తిరుగుట, వాంతి, మాట తడబడుట కనబడినచో నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒడలు చల్లార్చి, వైద్యునికడకు కొనిపోవలెను. నీళ్ల అపాయము ఎండకంటెను ఘోరమైనది. ప్రతి వేసవియందును బావులలో, కాలువలలో, రాళ్లు తవ్విన క్వారీ గుంటలలో మునిగి అనేక కుటుంబములు బిడ్డలను పోగొట్టుకొనుచున్నవి. ఈత రాని బిడ్డను, వచ్చిన బిడ్డనైనను, ఈత తెలిసిన పెద్దవాడు వెంటలేక నీళ్లకడకు పంపరాదు. పూర్వము నడుమునకు బెండ్లు కట్టి ఈత నేర్పిన పద్ధతి నేడును అనుసరింపదగినదే. పాము కరచినచో గాయమును కోయుట, బిగించి కట్టుట, మంత్రములకై కాలహరణము చేయుట మాని, కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను. పక్షులకును ఈ వేసవి కష్టకాలమే. నీడలో మట్టిమూకుడున నీళ్లు పెట్టి దినదినము మార్చు బాధ్యతను బిడ్డకే అప్పగింపవలెను. గూళ్లను తాకుట, చిలుకపిల్లలను తెచ్చి పెంచుట కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము చిలుకను పంజరమున నుంచుట నేరము.

తొలకరి – సెలవుల ముగింపు

మృగశిర ప్రవేశించి తొలిచినుకులు పడినంతనే ఉసిళ్లు లేచును. తడిసిన నేలపై ఎఱ్ఱని ముఖమలు వన్నెతో ఆరుద్ర పురుగులు పాకును. వేసవియంతయు కూర్చిన గింజలను నేలలో నాటవలసిన సమయమిది. ముఖ్యముగ వేపగింజకు మొలకెత్తు శక్తి కొలది వారములే నిలుచును గనుక దానిని వెంటనే నాటింపవలెను.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. బడి తెరచిన తొలివారమున దినమునకొక గంట కేటాయించి, ప్రతి బిడ్డచేతను తన వేసవి నోటుపుస్తకమును తరగతిలో చదివింపుడు. చెట్టు ఎన్నుకొనుటకు వీలులేక తండ్రితో ఇటుకబట్టీలకు పోయిన బిడ్డయు, పొలమున పనిచేసిన బిడ్డయు చూచిన పిట్టలు, పురుగులు, చుక్కలు ఎన్నియో యుండును. వారిని నోటితో చెప్పనిండు. విజ్ఞానశాస్త్రపు పాఠమును ఆ వారమున పిల్లలు తెచ్చిన ప్రశ్నలతోనే ప్రారంభింపుడు. తల్లిదండ్రులు దినమునకు అరగంట బిడ్డవెంట నడచి, ఉపాధ్యాయుడు ఆ నడకకు తరగతిలో గౌరవము కల్పించినచో, బిడ్డల సెలవులకును చదువులకును నడుమ మనము కట్టిన గోడ కూలిపోవును. ఆ గోడ కూలుట మన బిడ్డలకు అత్యవసరము.